గాలిని అడిగి బయలుదేరండి: హైదరాబాద్ చెరువుల దగ్గర మూడు రోజుల సైకిలు, తెరచాప సెలవు

పోయిన ఏడాది జూలైలో విజయవాడ నుంచి నా స్నేహితురాలు వచ్చింది. కాలేజీ రోజుల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఇప్పుడు ఇద్దరికీ నలభై దాటాయి, మెట్లెక్కితే మోకాళ్లు చప్పుడు చేస్తాయి. "ఈసారి చార్మినార్ వద్దే, చీరల కొట్లు వద్దు, బిర్యానీ ఒక్కపూట చాలు" అంది వస్తూనే. మూడు రోజులూ సైకిలు తొక్కాం, తెరచాప పడవ నడిపాం, ఒకసారి నిండుగా నీళ్లలో పడ్డాం. అది వెళ్లి వాళ్ల ఊళ్లో నలుగురికీ చెప్పింది. ఆ నలుగురూ ఇప్పుడు నాకు ఫోను చేసి ఎలా చేయాలని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఈ సెలవుకు పెద్దదిక్కు గాలి. సైకిలు మీద ఉన్నప్పుడు ఎదురుగాలి ప్రాణం తీస్తుంది. పడవలో ఉన్నప్పుడు గాలి ఆగిపోతే ప్రాణం విసుగెత్తుతుంది. వానాకాలంలో మన ఊళ్లో గాలి పడమటి నుంచి వస్తుంది. తెల్లవారుజామున మెల్లగా ఉండి, పొద్దెక్కే కొద్దీ జోరందుకుంటుంది. అందుకని పొద్దున సైకిలు, పగలు పడవ. మేం మొదటి రోజు దీన్ని తిరగేసి, పొద్దంతా కబుర్లు చెప్పుకుని మధ్యాహ్నం మూడింటికి హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు మీద సైకిళ్లు ఎక్కాం. గాలి మమ్మల్ని పక్కకు నెడుతుంటే బండి మీద కంకులు కాల్చే ఆవిడ జాలిగా చూసింది.

1. ముందు నెల చూసుకోండి

జూలై, ఆగస్టు నెలల్లో గాలి బాగుంటుంది. దేశం నలుమూలల నుంచి సెయిలింగ్ పోటీల వాళ్లు హుస్సేన్ సాగర్‌కు వచ్చేది ఈ కాలంలోనే. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ సాధారణంగా జూలై ప్రాంతంలో జరుగుతుంది. ఆ వారంలో పడవలూ శిక్షకులూ పోటీల హడావుడిలో ఉంటారు, కొత్తవాళ్లను పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. మీ తేదీలు దానికి ముందో వెనకో పెట్టుకోండి. ఒకవేళ ఆ వారమే కుదిరితే బాధపడకండి, ఒడ్డున కూర్చుని చూడటానికి అంతకంటే మంచి వారం లేదు. తెల్లటి తెరచాపలు బుద్ధుడి విగ్రహం వెనక నుంచి ఒక్కసారిగా బయటికి వస్తుంటే పక్కన పల్లీలు ఒలుచుకుంటున్నవాళ్లు కూడా చేతులాపి చూస్తారు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయి. సైకిలుకు అదే మేలు. గాలి మాత్రం పలచబడుతుంది, దిక్కు మారి తూర్పు వైపు నుంచి వస్తుంది. పడవ నేర్చుకోవడానికి భయపడేవాళ్లకు ఆ పలచగాలే నయం. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా హుస్సేన్ సాగర్ జోలికి పోకండి. ట్యాంక్‌బండ్ మీదా ఎన్టీఆర్ మార్గ్‌లోనూ క్రేన్లు నిలబడతాయి, దారులు మూస్తారు, ఆ తర్వాత కొన్నాళ్లు నీళ్లూ దిగదగినట్టు ఉండవు. ఏప్రిల్, మే గురించి చెప్పేదేమీ లేదు, ఇంట్లో ఉండండి.

2. స్నేహితురాలితో అడగాల్సినవి అడిగేయండి

చిన్నప్పటి స్నేహమైనా సరే, మూడు విషయాలు ముందే తేల్చుకోండి. ఈత వచ్చా? చివరిసారి సైకిలు ఎప్పుడు తొక్కావు? నీళ్లలో పడితే నవ్వుతావా, ఏడుస్తావా? మూడోది వేళాకోళం కాదు. మా స్నేహితురాలిని అడిగితే "కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని, నాకు నీళ్ల భయమా!" అంది. తర్వాత తేలింది, కృష్ణలో ఆవిడ దిగింది పుష్కరాలకే, అదీ మోకాళ్ల లోతు.

ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని శిక్షకుడితో పడవ ఎక్కవచ్చు. కానీ ఆ సంగతి ఎక్కేముందే ఆయనకు చెప్పాలి. మొహమాటపడి దాచకండి.

3. పడవ ఏర్పాటు

లుంబినీ పార్కు దగ్గర టిక్కెట్టు కొని ఎక్కే మోటారు పడవలు వేరు, నేను చెప్పే తెరచాప పడవలు వేరు. నేర్చుకోనివాళ్ల చేతికి తెరచాప పడవను గంటల లెక్కన అద్దెకు ఇస్తారనుకోకండి. క్లబ్బు ద్వారానే వెళ్లాలి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ హుస్సేన్ సాగర్ మీదే ఉన్నాయి. సైన్యం వాళ్లది మనలాంటి వాళ్లకు తలుపు తట్టే చోటు కాదు. మిగతా చోట్ల కొత్తవాళ్లకు శిక్షణ ఎప్పుడు ఉంటుందో, ఒక్క పూటకు శిక్షకుడితో వెళ్లే వీలుందో లేదో రెండు మూడు వారాల ముందే ఫోను చేసి కనుక్కోండి.

ఫోనులో రుసుము ఒక్కటే అడిగి పెట్టేయకండి. మా కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? మేం నీళ్ల మీద ఉన్నంతసేపూ మోటారుతో రక్షణ పడవ తిరుగుతూ ఉంటుందా? స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి చోటు ఉందా? రెండో ప్రశ్నకు జవాబు నసిగితే ఇంకో చోటు చూసుకోండి. మేం మొదట ఫోను చేసిన చోట "అవసరమైతే పంపిస్తాం మేడమ్" అన్నారు. అవసరమైతే అంటే ఎప్పుడో నాకు అర్థం కాలేదు, అందుకే అక్కడికి వెళ్లలేదు.

4. సైకిళ్లు తెచ్చుకునేటప్పుడు

అద్దెకు తీసుకుంటే హైబ్రిడ్ రకం అడగండి. సన్న టైర్ల రేసు సైకిలు మన గుంతలకు ఆగదు. లావు టైర్ల కొండ సైకిలు తారు రోడ్డు మీద గుదిబండ. ఎక్కే ముందు సీటు ఎత్తు సరిచూసుకోవాలి. సీటు మీద కూర్చుని, పెడలు బాగా కిందికి దించి, మడమ దాని మీద ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. అప్పుడు వేళ్ల కింది భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అద్దె సైకిళ్లన్నీ సీటు దిగిపోయి ఉంటాయి. అలాగే తొక్కితే సాయంత్రానికి మోకాళ్ల నొప్పి, ఆ నింద వయసు మీద.

రెండు బ్రేకులూ పట్టి చూడండి. చక్రం పైకెత్తి తిప్పి, వంకర లేదని చూడండి. టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. చున్నీ చైనులో పడుతుంది, కాబట్టి చున్నీ వద్దు. కుర్తా వేసుకుంటే పొట్టిది, సల్వారైతే కుడి చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు. హెల్మెట్ గురించి వాదించే ఓపిక నాకు లేదు, పెట్టుకోండి.

పంక్చరు వేసుకోవడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి. మూడో రోజు వెళ్లే గండిపేట చెరువు వైపు రోడ్డు అంచుల్లో తుమ్మ ముళ్లు పడి ఉంటాయి, అక్కడ షాపు కోసం సైకిలు తోసుకుంటూ తిరగడం నరకం. చక్రం ఊడదీసి, టైరు అంచు కిందికి రెండు ప్లాస్టిక్ పట్టీలు దూర్చి ఒక పక్క పైకి లేపండి. ట్యూబు బయటికి లాగి గాలి కొట్టండి. బక్కెట్టు నీళ్లు ఉంటే అందులో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడవచ్చు. దారిలో అయితే ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పండి, సన్నటి గాలి చెంపకు తగిలి చిల్లు దొరుకుతుంది. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి ఆగండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. తడిగా ఉండగానే ప్యాచ్ అంటిస్తారు, అది పది నిమిషాల్లో ఊడి వస్తుంది. రాసింది మెరుపు పోయి వేలికి అంటకుండా అయ్యేదాకా ఆగి, అప్పుడు ప్యాచ్ పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కండి. ట్యూబు తిరిగి ఎక్కించే ముందు టైరు లోపలంతా వేళ్లతో తడిమి చూడండి. ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది. మేం ముల్లు వదిలేసి ట్యూబు ఎక్కించి, అర కిలోమీటరు వెళ్లి మళ్లీ దిగాం. రెండోసారి ఇద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా వేశాం.

5. మొదటి పొద్దు: హుస్సేన్ సాగర్ చుట్టూ

ఉదయం అయిదున్నరకల్లా బయలుదేరండి. సైకిలు చెరువు దగ్గరే అద్దెకు తీసుకుంటే అక్కడిదాకా ఎంఎంటీఎస్ రైల్లో రావచ్చు. నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు స్టేషన్లు రెండూ ఒడ్డు పక్కనే. మొదటి బండి ఎన్నింటికో ముందురోజు చూసుకోండి.

చెరువు ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉండేలా తిరగండి. మన రోడ్ల మీద ఎడమ పక్కన పోతాం కాబట్టి అలా తిరిగితే ఒడ్డు పక్కనే ఉంటాం, ఆగి చూడాలన్నా దిగాలన్నా రోడ్డు దాటక్కర్లేదు. ప్రదక్షిణానికి ఇది తిరగబడిన దిశ. నా స్నేహితురాలికి అదొక పట్టింపు. "మధ్యలో బుద్ధుడు ఉన్నాడు కదే, అప్రదక్షిణం చేస్తామా?" అంది. ఆయన ఎవరినీ ప్రదక్షిణం చేయమని అడగలేదు కదా అన్నాను. పైగా ఆ బుద్ధుడు మనకంటే ఎక్కువ కష్టాలు పడ్డాడు. 1990లో పడవ మీద తెస్తుండగా విగ్రహం నీళ్లలో మునిగిపోయి, రెండేళ్లు చెరువు అడుగున ఉండి, 1992లో బయటికి వచ్చి నిలబడింది.

సచివాలయం దగ్గర మొదలుపెట్టి ట్యాంక్‌బండ్ మీదుగా ఉత్తరానికి వెళ్లండి. ఇది మామూలు రోడ్డు కాదు, చెరువు కట్ట. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ కట్టించినది. మీ కుడి పక్కన ఊరు పల్లంలో ఉంటుంది, ఎడమ పక్కన నీళ్లు ఎత్తులో ఉంటాయి. కారులో వెళ్లేవాళ్లకు ఇది తెలియదు, సైకిలు మీద ఉంటే స్పష్టంగా కనిపిస్తుంది. కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా వస్తాయి. ఒక్కో విగ్రహం దగ్గర ఆగితే మధ్యాహ్నం అవుతుంది. ఒకరికొకరు ఒకటి ఎంచుకుని అక్కడ ఆగండి. నేను మొల్ల దగ్గర ఆగాను. నా స్నేహితురాలు కాటన్ దొర దగ్గర ఆగి, ఆనకట్టలు లేకపోతే మా జిల్లాలు ఏమయ్యేవో అని పావుగంట మాట్లాడింది.

కట్ట దిగాక రాణిగంజ్ వైపు మలుపులో జాగ్రత్త. బస్సులూ సరుకు బండ్లూ తెల్లవారకముందే మొదలవుతాయి. అక్కడ పక్కపక్కన తొక్కవద్దు, ఒకరి వెనక ఒకరు పొండి. ముందు వెళ్లేది నెమ్మదిగా తొక్కే మనిషే కావాలి. వెనకాలవాళ్లు వేగం తగ్గించుకోగలరు, ముందున్నవాళ్లకు వెనకవాళ్లు ఆగిపోయిన సంగతి తెలియదు.

సంజీవయ్య పార్కు దగ్గరికి వచ్చేసరికి పెద్ద జెండా స్తంభం కనిపిస్తుంది. 2016 జూన్ 2న నిలబెట్టింది, ఎత్తు 291 అడుగులు. జెండా ఎగురుతూ ఉంటే ఆగి బాగా చూడండి. ఏ దిక్కుకు ఎగురుతోంది, బిగుసుకుని ఉందా, వేలాడుతోందా? రేపు పడవలో మీకు అదే గాలిసూచిక.

తర్వాత నెక్లెస్ రోడ్డు. పేరు మారి పీవీ నరసింహారావు మార్గ్ అయింది గానీ జనం నోట ఇంకా పాత పేరే. ఒకటి రెండు చోట్ల నాలాల వాసన వస్తుంది. ఊపిరి బిగబట్టకండి, అక్కడ వేగం పెంచితే చాలు. వానలో కాల్చిన మొక్కజొన్న కంకి, పైన నిమ్మచెక్కతో రుద్దిన ఉప్పూకారం ఇక్కడ తప్పనిసరి, కానీ అది సాయంత్రం సంగతి. ఉదయం అయితే టీ దొరుకుతుంది. ఖైరతాబాద్ వైపు నుంచి ఎన్టీఆర్ మార్గ్‌లోకి తిరిగితే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం దాటి మళ్లీ సచివాలయం దగ్గర తేలతారు. ఎండ రాకముందే చుట్టు పూర్తవుతుంది. కాళ్లలో బలం మిగిలినా రెండో చుట్టు వద్దు.

6. రెండో రోజు: తెరచాప

ముందురాత్రి బేగంపేట వాతావరణ కేంద్రం సూచన చూడండి. గాలి గంటకు 10 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఉంటే కొత్తవాళ్లకు అనుకూలం. క్లబ్బుల్లో నాట్లలో చెబుతారు, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 28 కిలోమీటర్లు దాటితే ఒడ్డునే ఉండండి. ఉరుము వినబడితే, వాన పడకపోయినా, వెంటనే ఒడ్డుకు రండి. నీళ్ల మధ్య ఎత్తుగా నిలబడి ఉండేది మీ పడవ స్తంభం ఒక్కటే.

జీన్సు వద్దు, తడిస్తే బరువు. త్వరగా ఆరే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తడిసినా ఊడిపోని బూట్లు వేసుకోండి. కళ్లజోడుకు తాడు కట్టండి. గాజులు, ఉంగరాలు, గొలుసులు ఇంట్లో పెట్టండి. ఫోను ఒడ్డున వదిలేయండి. ఫొటో లేకపోతే ఎవరూ నమ్మరని నా స్నేహితురాలి బాధ. నీళ్లలో పడ్డాక ఆ బాధ తీరింది.

పడవ ఎక్కే ముందు నాలుగు పేర్లు తెలుసుకుంటే శిక్షకుడి మాటలు అర్థమవుతాయి. వెనక చేత్తో పట్టుకునేది చుక్కాని పిడి, టిల్లర్ అంటారు. తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య బూమ్. అడుగున నీళ్లలోకి దిగే పలక సెంటర్‌బోర్డు. షీటు అంటే గుడ్డ కాదు, తెరచాపను లాగే తాడు. "షీటు వదులు!" అని శిక్షకుడు అరిస్తే కొత్తవాళ్లు తెరచాప కేసి చూస్తారు.

గాలి ఎటు నుంచో తెలుసుకోవాలంటే కళ్లు మూసుకుని తల మెల్లగా తిప్పండి. రెండు చెవుల్లోనూ గాలి చప్పుడు సమానంగా వినబడితే మీ ముక్కు గాలికి ఎదురుగా ఉన్నట్టు. ఇప్పుడు జెండా చూసి సరిచూసుకోండి. హుస్సేన్ సాగర్ చుట్టూ పెద్ద భవనాలున్నాయి కాబట్టి గాలి ఒకే తీరున రాదు. ఒక నిమిషం పడిపోతుంది, మరుక్షణం పక్క నుంచి మొట్టికాయ వేసినట్టు వస్తుంది. నీటి మీద నల్లగా గరుకు మచ్చ ఒకటి మీ వైపు కదిలి వస్తుంటే అదే రాబోయే జోరుగాలి. దాన్ని ముందే కనిపెట్టి ఇద్దరూ గాలి వచ్చే వైపు అంచుకు జరిగి కూర్చోండి.

పడవ నేరుగా గాలికి ఎదురెళ్లదు. గాలి దిక్కుకు అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల దాకా దానికి దారి లేదు, ఆ మేరలోకి పోతే తెరచాప పటపట కొట్టుకుని పడవ ఆగిపోతుంది. ఎదురు దిక్కుకు పోవాలంటే కొంత ఎడమకు, కొంత కుడికి మెలికలు తిరుగుతూ వెళ్లాలి. ఘాట్ రోడ్డు ఎక్కినట్టు. మెలిక తిరిగేటప్పుడు బూమ్ ఒక పక్క నుంచి రెండో పక్కకు మీ తలల మీదుగా వస్తుంది. తిప్పేవాళ్లు ముందే గట్టిగా చెప్పాలి, రెండోవాళ్లు తల వంచాలి. గాలి వెనక నుంచి ఉన్నప్పుడు బూమ్ ఇంకా వేగంగా వస్తుంది, కాబట్టి మొదటి పూట ఆ తిప్పుడు శిక్షకుడికే వదిలేయండి.

చుక్కాని పిడి కుడికి నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది. అప్పటిదాకా సైకిలు హ్యాండిల్ పట్టిన చేతులకు ఇది ఎక్కదు. నోటితో చెబుతూ నడపండి. మా ఆవిడ, అదే నా స్నేహితురాలు, "కుడికి నెట్టు, ఎడమకు పో" అని జపంలా అనుకుంటూనే ఎడమకు నెట్టింది.

ఇంకో తేడా బ్రేకు. సైకిలు మీద భయం వేస్తే గట్టిగా పట్టుకుంటాం, బండి ఆగుతుంది. పడవలో భయం వేసి తాడు గట్టిగా పట్టుకుంటే గాలి మరింత నిండి పడవ పక్కకు ఒరుగుతుంది. ఇక్కడ బ్రేకు అంటే వదిలేయడం. తాడు వదిలితే తెరచాప గాలిలో కొట్టుకుంటుంది, పడవ నిదానిస్తుంది. ఇది మాటల్లో చాలా తేలిక. నల్లమచ్చ మా మీదికి వచ్చినప్పుడు తాడు నా చేతిలో ఉంది. "వదలవే!" అని నా స్నేహితురాలు అరిచింది. నేను ఇంకా బిగించి పట్టుకున్నాను. పడవ అంచు నీళ్లను తాకడం, నా చెప్పు ఒకటి తేలిపోవడం కనిపించాయి, తర్వాత చెవుల్లో నీళ్లు.

బోల్తా పడితే చేయాల్సింది ఇది. మొదట ఒకరినొకరు పేరు పెట్టి పిలిచి, జవాబు వినండి. ఎవరైనా తెరచాప కింద ఇరుక్కుంటే చేత్తో గుడ్డను పైకి లేపితే ఊపిరికి చోటు దొరుకుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ పడవను వదిలి ఒడ్డుకు ఈదవద్దు, ఒడ్డు కంటికి కనిపించినంత దగ్గరలో ఉండదు. తాడు పూర్తిగా వదులు చేయండి. ఒకరు పడవ అడుగు వైపు తిరిగి వెళ్లి, పక్కకు పొడుచుకు వచ్చిన సెంటర్‌బోర్డు పట్టుకోవాలి. రెండోవారు లోపలి వైపు పడవ పక్కనే నీళ్లలో తేలుతూ, కాళ్లకు ఆసరాగా కట్టిన పట్టీని పట్టుకుని ఉండాలి. పడవ ముక్కు గాలికి ఎదురుగా తిరిగిందని చూసుకుని, మొదటి మనిషి బోర్డు మీదికి ఎక్కి అంచు పట్టుకుని వెనక్కి వాలాలి. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తెరచాప మీది నీళ్లు జారేకొద్దీ స్తంభం మెల్లగా లేచి, చివర్లో ఒక్కసారిగా పడవ నిలబడుతుంది. లోపలి వైపు ఉన్న మనిషిని అది తనంతట తానే చేదతో తోడినట్టు తోడుకుంటుంది. బోర్డు మీదికి బరువైన మనిషి ఎక్కడం మేలు. ఎవరు బరువన్న చర్చ నీళ్లలో పెట్టుకోకండి, మేం పెట్టుకున్నాం. ఆలస్యమైతే పడవ పూర్తిగా తలకిందులవుతుంది, లోతు తక్కువ చోట స్తంభం కొన బురదలో దిగబడుతుంది. అప్పుడు రక్షణ పడవ రావాల్సిందే.

నియమాల ప్రకారం మోటారు పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలి. విగ్రహం దగ్గరికి జనాన్ని తీసుకెళ్లే పెద్ద పడవలతో ఆ నియమం పట్టి చూడకండి, దూరంగా తప్పుకోండి. అవి వెళ్లాక వచ్చే అలలకు కూడా చిన్న పడవ ఊగుతుంది.

ఒడ్డుకు చేరగానే మంచినీళ్లతో, సబ్బుతో తలతో సహా స్నానం చేయండి. హుస్సేన్ సాగర్ నీళ్లు మింగేవి కావు. ఒంటి మీద తెగిన గాయాలుంటే ఆ రోజు దిగకపోవడమే మంచిది. బట్టలు విడిగా కవరులో పెట్టి తెచ్చుకోండి.

7. మూడో రోజు: గండిపేట

గండిపేట ఊరికి పడమర. వానాకాలపు గాలీ పడమటిదే. కాబట్టి పొద్దున గాలి మెల్లగా ఉన్నప్పుడు దానికి ఎదురెళ్లి, అది పుంజుకున్నాక దాన్ని వీపున వేసుకుని తిరిగి రావచ్చు. చలికాలంలో ఈ లెక్క తిరగబడుతుంది, తిరుగు ప్రయాణానికి బలం దాచుకోండి.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద సైకిలు దారి ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్ల ముక్క ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్ల ముక్క ఇంకొకటి. నార్సింగి దగ్గర ఎక్కి, కోకాపేట దాటాక దారి వదిలి గండిపేట రోడ్డు పట్టుకోండి. కప్పు ఎండను బాగా ఆపుతుంది, ఏటవాలుగా కొట్టే వానను ఆపదు. ఈ దారిలో సైకిళ్ల వాళ్లకు తోడు ఫోను చూస్తూ నడిచేవాళ్లూ ఉంటారు, బెల్లు సిగ్గుపడకుండా కొట్టండి. భారీ వానల తర్వాత హిమాయత్ సాగర్ చెరువు గేట్లు ఎత్తితే దిగువన సర్వీసు రోడ్డు మూసేయవచ్చు. పోలీసు అకాడమీ వైపు వెళ్లాలనుకుంటే ఉదయం వార్తలు చూసి కదలండి.

గండిపేట చేరాక కట్ట దగ్గర సైకిలు ఆపి కాసేపు కూర్చోండి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, మళ్లీ అలా జరగకుండా పైన చెరువులు కట్టాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పారు. 1920లో ఇది, అదే ఉస్మాన్ సాగర్, తర్వాత 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి పోరని పాత సామెత. తాగునీటి చెరువు కాబట్టి ఇందులో ఈత, స్నానం, సబ్బు, ప్లాస్టిక్ సంచులు ఏవీ వద్దు. అక్కడ నేను సీసాలోని నీళ్లు అందిస్తే, "ఇవి గండిపేటవా? అయితే నాకు వద్దు, రాత్రికి బండి ఉంది" అంది నా స్నేహితురాలు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్ద గేరు వేసుకుని గాలికి వదిలేయండి. సైకిళ్లు తీసుకునేటప్పుడూ, అప్పగించే ముందూ వాళ్ల ఎదుటే నాలుగు పక్కలా ఫొటో తీసుకోండి. మాకు పాత గీత ఒకటి చూపించి డబ్బు అడిగారు, తీసుకున్ననాటి ఫొటో ఉండబట్టి గొడవ తేలిపోయింది. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, మూడు గంటలకొకసారి పేపరు మార్చండి. రైలు వేళకు ఆరకపోతే అలాగే పేపర్లతో సంచిలో పెట్టి పంపించేయండి. నా స్నేహితురాలు ఒక కాలికి బూటు, రెండో కాలికి నా పాత చెప్పు వేసుకుని సికింద్రాబాద్‌లో బండి ఎక్కింది.